హైడ్రోజన్ బస్సుకు ఆయువుపట్టు బొగ్గు కాగితం

న్యూఢిల్లీ: పొగ వదలని హైడ్రోజన్ బస్సుల భవితవ్యం పోస్టుకార్డు మందం ఉండే ఓ నల్లని రేకుపై ఆధారపడి ఉంది. పాలిమర్ పదార్థాలను గాలి తగలకుండా కాల్చి తయారుచేసే ఈ రేకును కార్బన్ పేపర్ అంటారు. దీనిని దేశంలోనే తయారుచేసే విధానంపై ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల (ఎన్.పి.ఎల్.) ఏళ్ల తరబడి కృషి చేసింది.

హరిత హైడ్రోజన్‌తో నడిచే తొలి బస్సును కేంద్ర పెట్రోలియం మంత్రి హర్‌దీప్ సింగ్ పూరీ 2023 సెప్టెంబరు 25న ఢిల్లీలోని కర్తవ్య పథ్‌లో ప్రారంభించారు. ఇటువంటి బస్సులో ఇంజను ఉండదు. ఫ్యూయల్ సెల్ అనే ఇంధన ఘటంలో హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసి విద్యుత్తును, నీటిని ఇస్తాయి.

ఘటానికి ఇరువైపులా ఒక్కొక్క కార్బన్ రేకు ఉంటుంది. వాయువును లోపలికి సమంగా పంపడం, పుట్టిన విద్యుత్తును వెలుపలికి చేర్చడం, నీటిని నిలవనీయకుండా తరలించడం దీని పనులు. అందుకే రేకులో 70 శాతానికి పైగా సూక్ష్మ రంధ్రాలే ఉంటాయి. ఒక్కొక్క ఘటం ఇచ్చేది ఒక వోల్టు కంటె తక్కువే కనుక, బస్సును నడపడానికి వందల ఘటాలను పేర్చవలసి ఉంటుంది.

తయారీ సూత్రం మన బొగ్గుల బట్టీదే. మట్టి కప్పి కాల్చిన కట్టె బూడిద కాకుండా బొగ్గవుతుంది. అదే విధంగా పాలిఎక్రిలోనైట్రైల్ అనే పాలిమర్ దారాలను మొదట 200 నుంచి 300 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. ఆ తర్వాత నైట్రోజన్ వాయువులో వెయ్యి డిగ్రీలకు మించి కాల్చితే అవి కార్బన్ పోగులవుతాయి. వాటిని ముక్కలుచేసి కాగితంలా పరచి, బేకలైటు జాతికి చెందిన ఫినాలిక్ రెసిన్‌లో తడిపి, అదిమి మళ్లీ కాలుస్తారు. తుది దశలో వేడి రెండు వేల డిగ్రీలు దాటుతుంది. రెసిన్ కూడా కార్బన్‌గా మారి పోగులను బంధిస్తుంది. వాటి నడుమ ఖాళీలు రంధ్రాలుగా మిగులుతాయి. వేడిని తొందరపడి పెంచితే రేకు వంకరపోతుంది, లేదా పగులుతుంది.

కార్బన్ ఎన్.పి.ఎల్.కు కొత్త కాదు. సంస్థ తొలి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్ గ్రాఫైట్‌లో విద్యుత్తు ఒక దిశలో కంటె మరో దిశలో ఎంతో సులువుగా ప్రవహిస్తుందని 1939లోనే వెల్లడించారు. అనంతర కాలంలో ఆర్.బి. మాథుర్ తదితర శాస్త్రవేత్తలు కార్బన్ పేపర్‌పై పరిశోధన పత్రాలు ప్రచురించారు. సి.ఎస్.ఐ.ఆర్. పథకం కింద ఎన్.పి.ఎల్., పుణె, కారైకుడి ప్రయోగశాలలు పరిశ్రమలతో కలసి రూపొందించిన 5 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్ వ్యవస్థను 2019 సెప్టెంబరు 26న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆవిష్కరించారు.

అయితే ప్రయోగశాలలో రేకు తీయడం వేరు, చుట్టల కొద్దీ ఒకే నాణ్యతతో తయారుచేయడం వేరు. ఈ రంగంలో జపాన్‌కు చెందిన టోరే, జర్మనీకి చెందిన ఎస్.జి.ఎల్. సంస్థలు పేరెన్నికగన్నవి. కాగా 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ వ్యయం రూ.19,744 కోట్లు. ఇందులో హైడ్రోజన్ ఉత్పత్తికి, ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలు రూ.17,490 కోట్లు కాగా, పరిశోధనకు కేటాయించినది రూ.400 కోట్లు. ఇంధనం స్వదేశంలో తయారైనా ఘటంలోని రేకును విదేశాలలో కొనవలసి వస్తే, చమురు దిగుమతుల స్థానంలో మరో దిగుమతి వచ్చి చేరినట్లే అవుతుంది.