ఆడ ఎలుకని ఎందుకు పక్కన పెట్టారు?

సగం యూజర్లని వదిలేసి యాప్ టెస్ట్ చేస్తే మా టీమ్‌లో ఎవరూ ఊరుకోరు. మెదడు పరిశోధనల్లో మాత్రం ఏళ్ల తరబడి జరిగింది అదే! ఆడ ఎలుకకి నాలుగైదు రోజులకో హార్మోన్ల చక్రం. లెక్కలు తేడా కొడతాయని ఎక్కువగా మగ ఎలుకలతోనే కానిచ్చేశారు.

1990లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీ పరిశోధకులు ఆడ ఎలుకల హిప్పోక్యాంపస్ చూశారు. జ్ఞాపకాలకి కీలకమైన చోటు అది. ఈస్ట్రోజెన్ బాగా పెరిగిన రోజు నుంచి మర్నాటికల్లా, అక్కడి నాడీకణాల మీద కనెక్షన్లు కలిసే బుడిపెలు దాదాపు 30 శాతం తగ్గాయి.

అంటే తెలివి తగ్గినట్టా? కాదు. దారి వెతికే పద్ధతి మారుతుందంతే. ఈస్ట్రోజెన్ ఎక్కువుంటే చోటుని గుర్తుపెట్టుకుంటాయి, తక్కువుంటే తిరగడం అలవాటైన వైపుకే తిరుగుతాయి.

2014లో 293 పరిశోధనా పత్రాలు కలిపి చూస్తే, ఆడ చిట్టెలుకల ఫలితాల్లో హెచ్చుతగ్గులు మగవాటి కన్నా ఎక్కువేం లేవు. మరి మందులు వేసుకునేది మగవాళ్లొక్కరేనా?