ఎల్ల నుంచి సముద్రం దాకా: శ్రీలంక ఘాట్ రోడ్డు ఎలా దిగాలి?

శ్రీలంక అనగానే రీల్స్‌లో ఏం కనిపిస్తుంది? ఎల్లలో తొమ్మిది తోరణాల వంతెన, దాని మీద వెళ్లే నీలం రైలు. అది అందరూ చూపించేశారు. ఈ ఎపిసోడ్‌లో ఎల్ల నుంచి కిందికి దిగి, దక్షిణ తీరంలోని తంగల్లకి రోడ్డు మీద ఎలా వెళ్లాలో చూద్దాం. ఆగకుండా వెళ్తే నాలుగు గంటలు. కానీ ఒక రోజంతా పెట్టుకోండి.

అక్కడ కూడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. ఆటోలు కూడా ఎక్కువగా మన బజాజ్‌వే. అందుకే మనవాళ్లు “ఏముంది, నడిపేద్దాం” అనుకుంటారు. మన లైసెన్స్ ఒక్కటే సరిపోదు, అక్కడి పర్మిట్ కూడా తీసుకోవాలి. అది లేకుండా ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఎల్ల సుమారు 1,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వెల్లవాయ చేరేసరికి, అంటే పాతిక కిలోమీటర్లు దాటేసరికి, దాదాపు 800 మీటర్లు దిగిపోతాం. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. చూడ్డానికి అద్భుతం. కానీ 2025 సెప్టెంబర్‌లో ఒక రాత్రి ఇదే రోడ్డులో బస్సు లోయలో పడి 15 మంది చనిపోయారు.

దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే ఏమవుతుంది? ప్యాడ్లు బాగా వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. కాబట్టి కిందికి దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉండండి, బాగా వాలుగా ఉన్న చోట ఫస్ట్. ఆటోమేటిక్ కారైతే ఎల్ మోడ్. ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. మలుపు ముందు గట్టిగా బ్రేక్ కొట్టి, వెంటనే వదిలేయండి. న్యూట్రల్‌లో మాత్రం వద్దు, పెట్రోల్ మిగులుతుందని ఎవరు చెప్పినా సరే! తిరుమల నుంచి కిందికి బండి దింపినవాళ్లకి ఇదంతా కొత్త కాదు.

దారిలో రోడ్డు పక్కనే రావణ జలపాతం. సీతమ్మను రావణుడు ఇక్కడి గుహలో దాచాడని స్థానికులు చెబుతారు. ఫొటోలు తీసుకోండి, నీళ్లలోకి దిగొద్దు. రాళ్లు పాకుడు పట్టి ఉంటాయి, అక్కడ ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

వెల్లవాయ దాటాక ఎండ మొదలు. నైరుతి వానల్ని కొండలు అడ్డుకుంటాయి కాబట్టి ఇటువైపు పొడి నేల, ముళ్ల తుప్పలు. ఊరికి కాస్త దూరంలో బుదురువాగల అని ఒక చోటుంది. ఒకే బండరాయి మీద ఏడు విగ్రహాలు చెక్కారు, నడిమి బుద్ధుడు 15 మీటర్ల పైనే. జనం తక్కువ. నా లెక్కలో ఈ దారి మొత్తానికి ఇదే బెస్ట్ స్టాప్.

తనమల్విల నుంచి ఉడవలవె వైపు తిరిగితే, కరెంటు కంచె అవతల ఏనుగులు నిలబడి మనకేసి చూస్తుంటాయి. అరటిపండు ఇద్దామనిపిస్తుంది. ఇవ్వకండి. అలా ఇచ్చే అలవాటు చేశారు కాబట్టే అవి అడవి వదిలి రోడ్డు దగ్గరే కాపు కాస్తున్నాయి. ఆహారం కోసం కంచె దాటే ఏనుగు వల్ల మనిషికీ ప్రమాదమే, దానికీ ప్రమాదమే.

ఆకలేస్తే రోడ్డు పక్కన మట్టి ముంతల్లో గేదె పెరుగు అమ్ముతారు, ‘మీ కిరి’ అంటారు. మీద కితుల్ పాకం పోసుకుని తినాలి. కితుల్ అంటే ఏదో కాదు, మన ఏజెన్సీలో కల్లు తీసే జీలుగు చెట్టే!

ఎంబిలిపిటియ మీదుగా తంగల్ల చేరేసరికి సాయంత్రం అవుతుంది. మే నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం బాగా రఫ్‌గా ఉంటుంది, ఈత వద్దు. పక్కనే ఉన్న రెకావా బీచ్‌కి రాత్రిపూట తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెళ్తే గైడ్ వెనకే నడవండి, ఫోన్ ఫ్లాష్ ఆఫ్ చేయండి. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు.