ప్రొద్దుటూరిలో ఒక పగలు

మా సీమయందలి స్త్రీలలో ప్రొద్దుటూరి పేరు విననివారుండరు. చూచినవారును తక్కువ కారు. కాని ఏమి చూచితిరని యడిగినచో బంగారపు అంగళ్లుదప్ప మఱేమియు చెప్పజాలరు. పెండ్లి కుదిరినప్పుడు పోవుట, బేరమాడుట, కొంగున ముడివైచికొని దొరకిన బస్సులో మరలివచ్చుట - ఇదియే మన ప్రొద్దుటూరి యాత్ర. మొన్నటిదనుక నేనును అట్టిదాననే.

ఈ మాఱు నేను కొనుటకుగాక అమ్ముటకు పోయితిని. మా పెద్దమ్మాయికి కళాశాలలో ప్రవేశము దొరకినది. కట్టవలసిన సొమ్ములో కొంత తక్కువైనది. అప్పు చేయుటకు ఆమె తండ్రి కిష్టము లేదు. రెండు దినములు ఇంట ఎవ్వరును ఆ మాట ఎత్తలేదు. మూడవనాడు మా అత్తగారు పెట్టె తెఱచి తన వంకీని తెచ్చి నా చేతిలోనుంచి, "నా మొండిచేతి కిదెందుకే, పిల్ల చదువుకోనీ" అనిరి. రెండు చిలుకలు ముక్కున ముక్కు చేర్చిన పాతకాలపు పని అది. అయిదు తులములని ఇంటిల్లిపాది నమ్మిక.

సింహాద్రిపురములో తొలిబస్సెక్కి, చీనీతోటలు దాటి, ముద్దనూరు మీదుగా పోయితిమి. ఎఱ్ఱగుంట్ల చేరకముందే కలమళ్లకడ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశము నంటుచు కనబడును. 1994నుండి అచట కరెంటు పుట్టుచున్నదని అందఱెఱిగినదే. అంతకన్న గొప్పవస్తువొకటి ఆ యూరి చెన్నకేశవాలయమున నున్నది. రేనాటి చోళరాజైన ధనంజయుని శాసనమది; సుమారు క్రీ.శ. 575 నాటిది. అంతకుముందటి శాసనములందు తెలుగు మాటలు అక్కడక్కడ కానవచ్చినను, తెలుగుననే చెక్కించిన శాసనములలో మనకు దొరకిన మొదటిది ఇదియేయని పండితు లెంచుచున్నారు. మా అమ్మాయి కిది చెప్పితిని. "ఇన్నేండ్లనుండి ఈ దారిని పోవుచు నాకిప్పుడా చెప్పుట?" అని అది నన్నే తప్పు పట్టినది. తప్పు నాదే. బస్సు మాత్రము అచట నిలువలేదు.

అంగడివీథిలో వర్తకుడు వంకీని తూచి, చేత నాడించి, "అమ్మా, ఇది లోపల బోలు, లక్క పోసినారు. లక్క తీసి, కరగించి, వన్నె చూచినగాని ధర కట్టలేము. కరగించుటకు మీరు ఒప్పుకొన్నయెడల సాయంత్రము అయిదుగంటలకు రండి" అనెను. కరగించుట యన్నమాట విని నా చేయి వెనుకకు వచ్చినది. ఒక గడియ వ్యవధి యడిగి, పుస్తకములో కాగితము చింపి వంకీపై నదిమి, పెన్సిలుతో మెల్లగా రుద్దితిని. చిలుకలు రెండును, వాని ఱెక్కల గీతలును కాగితముపై దిగినవి. అమ్మాయి తన ఫోనులో ఫోటో తీసినది గాని, అత్తగారికి ఆ యద్దములో ఏదియు ఆనదు. పిమ్మట వంకీ నిచ్చివేసితిని.

ఇక సాయంత్రమువఱకు చేయునది లేదు. ఆ తీరికవలననే ఊరు చూడగలిగితిమి.

మొదట అగస్త్యేశ్వరాలయమునకు పోయితిమి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు "శివతాండవము" రచించినది ఈ గుడిలో ప్రదక్షిణములు చేయుచుండిన దినములలోనే. 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో పుట్టి, పదునాలుగు భాషలు నేర్చి, బడిపంతులుగా బ్రదికిన మహానుభావుడాయన. 1972లో పద్మశ్రీ బిరుద మందెను. ఆయన భార్య కనకమ్మగారును కవయిత్రియే. ఒక బడిపంతులింటనుండి వచ్చిన నాకు ఆ రాళ్లపై నడచుచున్నపుడు కలిగిన సంతోషము అంగడివీథిలో ఏనాడును కలుగలేదు.

మధ్యాహ్నము కన్యకాపరమేశ్వరి యాలయము తలుపులు మూసియుండెను. ఇచటివారు దీనిని అమ్మవారిశాల యందురు. దసరా తొమ్మిదిదినములును అలంకారములతో, తొట్టిమెరవణితో ఊరంతయు వెలుగునట. రెండవ మైసూరని దానికి పేరు. రాజును వరింప నొల్లక అగ్నిలో ప్రవేశించిన కన్యకను బంగారపు వర్తకులు కులదేవతగా కొలుచుట నాకెప్పుడును ఆలోచింపదగినదిగానే తోచును.

చల్లబడిన పిదప పెన్న యొడ్డున రామేశ్వరమునకు పోయితిమి. రావణవధానంతరము శ్రీరాముడు ఇచట లింగమును ప్రతిష్ఠించెనని స్థలపురాణము. గుడి ముందు ఏఱు, ఏటిలో ఇసుక. నందికొండలలో పుట్టి గండికోట లోయను కోసికొని వచ్చిన పెన్న మైలవరము ఆనకట్టను దాటి ఇచటికి చేరునప్పటికి పెక్కు దినములు ఇట్లే ఎండియుండును. నీరు పాఱనిచోట నిలిచి నదిని చూచుట నేర్వవలెనేమో. అమ్మాయి చెప్పులు విడిచి ఇసుకలో దూరము నడచి వచ్చెను, పిలిచినను వినలేదు.

అయిదుగంటల కంగడికి వచ్చితిమి. లక్క పోగా నిలిచినది మూడు తులముల ఆఱు గ్రాములు. అయిదు తులములకు లెక్కవైచికొని వచ్చిన నా నోట మాట రాలేదు. వర్తకుడు మోసగాడు కాడు. తీసిన లక్క ముద్దను కాగితములో పెట్టి చూపెను. ఇట్టి పాతనగలు కలవారు ఇంటిలెక్కను నమ్మక, అమ్ముటకు ముందే హాల్‌మార్కు పరీక్షాకేంద్రమున వన్నె చూపించుకొనుట మేలు. కొద్దిపాటి రుసుముతో పరీక్షింతురు. క్రొత్తవి కొనువారు 916 ముద్రను, దానితోడ అక్షరములును అంకెలును కలిసి ఆఱుండు గుర్తుసంఖ్యను చూచి మఱి కొనవలెను. 916 అనగా వేయిపాళ్లలో అన్నిపాళ్లు మేలిమి. అదియే ఇరువది రెండు క్యారట్లు. 2021 జూన్ నుండి ఈ ముద్ర దేశమున దశలవారీగా విధి చేయబడినది. తఱుగు, మజూరి వేర్వేఱుగా వ్రాసిన రసీదును తప్పక అడుగుడు.

వచ్చిన సొమ్ము చాలలేదు. నా చేతి గాజులలో ఒక జత తీసి తూకములో పెట్టితిని. "వద్దమ్మా" అని అమ్మాయి రెండుసారులనెను, మూడవసారి అనలేదు. అందుచేత ఆ విషయము దాని తండ్రికి చెప్పవలసిన పనియు నాకే పడినది.

రాత్రి ఇల్లు చేరి అత్తగారికి కాగితము నిచ్చితిని. ఆమె దానిని దీపము దగ్గఱకు పట్టి, వ్రేలితో చిలుకల ముక్కులు తడవి చూచి, "ఎంత తూగింది?" అనిరి. చెప్పితిని. "మా పుట్టింటివారు నాతోకూడ అయిదనే చెప్పిరి" అని ఒక్క నవ్వు నవ్వి, కాగితమును మడచి, వంకీ యుండిన పెట్టెలోనే పెట్టి తాళము వైచిరి.