తెలుగు వార్తకు తొలి ముఖం

1983 నవంబరు 14, సాయంత్రం ఏడు గంటలు. హైదరాబాద్ దూరదర్శన్ తెర మీద శాంతి స్వరూప్ నమస్కారం చెప్పి తెలుగులో వార్తలు మొదలుపెట్టారు. అంతవరకు తెలుగువాళ్లకు తమ భాషలో వార్త అంటే రేడియోలో గొంతు, లేదంటే పొద్దున్నే వచ్చే పేపరు. టీవీలో వార్తలు ఉన్నా అవి ఢిల్లీ నుంచి హిందీలో, ఇంగ్లిషులో వచ్చేవి. మనవైపు చూస్తూ మన మాటల్లో లోకం సంగతులు చెప్పిన తొలి మనిషి ఆయనే.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. మరుసటి ఏడాదే ఆయన అందులో ఉద్యోగానికి చేరారు. కానీ తెర మీద వార్తలు చదవడానికి అయిదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత 2011లో రిటైరయ్యే దాకా ఆ కుర్చీతో అనుబంధం వదల్లేదు.

ఇవాళ ఏ చానెల్ స్టూడియోకు వెళ్లినా కెమెరా లెన్సు ముందు ఏటవాలుగా ఒక అద్దం, దాని మీద కిందినుంచి పైకి జరిగే అక్షరాలు కనిపిస్తాయి. అదే టెలీప్రాంప్టర్. యాంకర్ మన కళ్లలోకి చూస్తున్నట్టే ఉంటుంది గానీ చూపంతా ఆ అక్షరాల మీదే. శాంతి స్వరూప్‌కు మొదటి పదేళ్లు ఆ సదుపాయం లేదు. స్క్రిప్టు కాగితాలు ముందే చదువుకుని కంఠతా పట్టేవారు. కెమెరా ముందు కూర్చున్నాక కాగితం మీద ఒక చూపు, వెంటనే తల పైకి, వాక్యం పూర్తిగా ప్రేక్షకుడి వైపే.

తెలుగులో ఈ పని మరీ కష్టం. మన వాక్యంలో అసలు సంగతి చిట్టచివర తేలుతుంది. 'బకాయిలు వెంటనే చెల్లించేందుకు ప్రభుత్వం' అనేదాకా చూసుకుని తలెత్తితే చాలదు. ఆ తర్వాత 'అంగీకరించింది' అని ఉందో, 'నిరాకరించింది' అని ఉందో మనసులో ఖాయంగా ఉండాలి. అక్కడ తడబడితే వార్తే తలకిందులవుతుంది. అర్థం చేసుకోకుండా ఎవరూ బులెటిన్ మొత్తాన్ని అలా నడిపించలేరు. శాంతి స్వరూప్ మీద జనానికి కుదిరిన నమ్మకం అక్కడినుంచే వచ్చిందని నా గట్టి అభిప్రాయం. స్పష్టమైన ఉచ్చారణ, నెమ్మదైన గొంతు ఆ నమ్మకాన్ని పెంచాయి. సంగతి తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెబుతున్నాడని చూసేవాళ్లకు అనిపించేది.

ఆయన భార్య రోజారాణి కూడా దూరదర్శన్‌లో తెలుగు వార్తలు చదివారు. ఒకే ఇంటినుంచి ఇద్దరు న్యూస్ రీడర్లు రావడం ఆ రోజుల్లో ఎంత విశేషమో చెప్పనక్కర్లేదు.

చాలామందికి తెలియని సంగతి, ఆయన నవలాకారుడు కూడా. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద 'రాతి మేఘం', క్రికెట్ పిచ్చి మీద 'క్రేజ్', సతీసహగమనానికి వ్యతిరేకంగా 'అర్ధాగ్ని' రాశారు. పత్రికలు, టీవీ ఎంతో చర్చించిన విషయాలే ఇవి. వార్త చదివేటప్పుడు సొంత కోపం, సొంత బాధ కలపకూడదన్నది ఆ తరం నియమం. లోపల దాచుకున్నదాన్ని ఆయన నవలల్లో చెప్పుకున్నారేమో అనిపిస్తుంది. తెర మీద మాత్రం కనుబొమ ఎగరేయకుండా వార్తను వార్తలాగే అందించారు.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2004 నాటికి ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తలు మొదలయ్యాయి. వేగం పెరిగింది, మారుమూల ఊరి కష్టం కూడా తెరకెక్కింది. అది నిజంగా మేలే. దాంతోపాటు యాంకరే వార్తకన్నా పెద్దగా కనిపించడం, అతిథి మాట పూర్తికాకుండానే అరవడం కూడా అలవాటయ్యాయి. ఇది మాత్రం నష్టం. దాన్ని పోటీ పేరు చెప్పి సమర్థించుకోవడం తగదు.

శాంతి స్వరూప్ 2024 ఏప్రిల్ 5న హైదరాబాద్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన చదివిన పాత బులెటిన్ల టేపు ఒక్కటి ఉన్నా సరే, దూరదర్శన్ దాన్ని డిజిటల్ చేసి జర్నలిజం కళాశాలలకు అందించాలి. కెమెరా ముందుకు రాబోయే ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక్క బులెటిన్ అయినా టెలీప్రాంప్టర్ లేకుండా చదివి చూడాలి.