యూనివర్సిటీకి పంపిన బిడ్డకు తోడెవరు?

డిగ్రీ ముగించి పి.జి. చదువుకు వెళ్లే బిడ్డను మన సంఘాలలో ఆదివారం ఆరాధన చివర ముందుకు పిలుస్తాము. అయ్యగారు తలమీద చేయి ఉంచి ప్రార్థిస్తారు. స్త్రీల సమాజం వారు చందా వేసుకొని ఒక కొత్త బైబిలు, ఒక దుప్పటి ఇస్తారు. బస్సు కదిలేవరకు చేయి ఊపి ఇంటికి వస్తాము. మన బాధ్యత అక్కడితో తీరిందనుకుంటాము.

గోరంట్ల ప్రాంతంలో మేమెరిగిన ఒక కుటుంబంలో కొన్నేళ్ల క్రితం జరిగిన సంగతి చెబుతాము. తండ్రికి నాలుగెకరాల వేరుశెనగ మెట్ట. తల్లి కూలికి వెళ్తుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటివాడు వాళ్ల పెద్ద కొడుకు. దూరపు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. హిందూపురంలో రాత్రి రైలెక్కి వెళ్లాడు. క్రిస్మస్ సెలవులకు వచ్చినవాడు సగమై వచ్చాడు.

"ఏమి నాయనా, ఇట్ల అయిపోయినావు?" అని తల్లి అడిగింది.

"ఏం లేదులేమ్మా, మెస్సులో తిండి పడలేదు" అన్నాడు.

సంక్రాంతి దాటినా తిరిగి వెళ్లలేదు. గది తలుపు వేసుకొని పడుకునేవాడు. మేము ఉపవాస ప్రార్థన పెట్టాము. అది మంచిదే. కాని మాలో కొందరము, "చదువు ఎక్కువై విశ్వాసం తగ్గింది" అని కూడా అన్నాము. ఆ మాట ఆ బిడ్డ చెవిన పడింది. ఇప్పుడు తలచుకుంటే మాకు సిగ్గుగా ఉంటుంది.

ఒక సాయంత్రం మా సంఘపు పెద్ద, రిటైరైన టీచరు ఒకరు, అతని పక్కన కూర్చొని ఒకే ప్రశ్న అడిగారు. "నాయనా, అక్కడ ఏ ఆఫీసుకు పోయి చెప్పుకున్నావు?"

"ఎవరికీ చెప్పలేదు సార్. ఎవరికి చెప్పాలో తెలీదు."

అప్పుడు ఒక్కొక్కటిగా బయటికి వచ్చింది. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒకలాగ, బ్యాంకు ఖాతాలో మరొకలాగ ఉండి ఫీజు డబ్బు పడలేదు. మెస్సు బిల్లు పెరిగిపోయింది. బకాయి కట్టనిదే హాల్ టిక్కెట్టు రాదని నోటీసు అంటించారు. డిగ్రీ వరకు తెలుగులో చదివినవాడికి ఇంగ్లీషులో సాగే పాఠం సగమే అర్థమయ్యేది. రెండు నెలలుగా నిద్ర లేదు. నాన్న అప్పు చేస్తాడని భయపడి ఇంట్లో చెప్పలేదు.

పెద్దాయన అతన్ని వెంటబెట్టుకొని యూనివర్సిటీకి వెళ్లారు. పేరు సరిచేయించుకునే దరఖాస్తు స్కాలర్‌షిప్పు సెక్షనులో ఇచ్చారు. బకాయికి గడువు కోరుతూ ఉత్తరం రాసి విభాగాధిపతితో సంతకం చేయించారు. ఆరోగ్య కేంద్రంలో డాక్టరును కలిశారు. రెండు రోజుల పని. ఆ రెండు రోజులు ఆరు నెలల ముందు దొరికి ఉంటే ఒక సంవత్సరం నష్టపోయేవాడు కాదు. ఆ ఏడు పోయింది. అయినా చదువు నిలిచింది, ప్రాణమూ నిలిచింది.

బోర్డింగు వేరు, యూనివర్సిటీ వేరు

మన తాతల కాలంలో రాయలసీమలో లండన్ మిషన్ వారి బోర్డింగు బడులు ఉండేవి. బోర్డింగులో వార్డెను అయ్యకు ప్రతి బిడ్డ పేరు తెలుసు. అన్నం తినకపోతే పిలిచి అడిగేవారు, జ్వరం వస్తే మిషన్ ఆసుపత్రికి పంపేవారు. బిడ్డ నోరు విప్పకపోయినా చూసుకునేవారు ఉన్నారు. మనకు ఆ జ్ఞాపకం ఉన్నందువల్లనే, యూనివర్సిటీ కూడా అలాంటిదేనని అనుకుంటాము.

కాని అది అలాంటిది కాదు. మనకు దగ్గరలో ఉన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాము. 1968లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రంగా అనంతపురంలో మొదలై, 1981లో సొంత విశ్వవిద్యాలయమైంది. తరువాత 2008లో జె.ఎన్.టి.యు. అనంతపురం, 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇలాంటి చోట్ల విద్యార్థులు వేలలో ఉంటారు. సహాయం ఉంటుంది, కాని అడిగినవానికే అందుతుంది. అడగని బిడ్డ ఆకలితో ఉన్నా ఎవరికీ తెలియదు. మన పిల్లలకు మనం నేర్పని పాఠం ఇదే. వినయం నేర్పాము, అణకువ నేర్పాము. అడగడం నేర్పలేదు.

ఏ అవసరానికి ఏ తలుపు

బిడ్డ బయలుదేరకముందే ఈ క్రింది సంగతులు తల్లిదండ్రులు కూడా తెలుసుకోవాలి.

కాగితాలు: పదవ తరగతి సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు ఖాతా, ఈ మూడింటిలో పేరు, ఇంటిపేరు ఒకే విధంగా ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడించి ఉండాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు సచివాలయంలో ముందుగానే దరఖాస్తు పెట్టండి. ఫీజుల పథకాల పేర్లు, నియమాలు ప్రభుత్వంతోపాటు మారుతుంటాయి. కాబట్టి పొరుగింటి మాట నమ్మక, యూనివర్సిటీ స్కాలర్‌షిప్పు సెక్షనులోనే ఆ ఏటి నియమం అడగండి.

మన సంఘాలలో అనేకులకు సంబంధించిన విషయం మరొకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్.సి. హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి గ్రూపులో ఉంచి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మైనారిటీ పరిశోధకులకు ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి కొత్తవారికి ఆపివేసింది. ఇది బాధాకరమే. అయితే యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి ఫెలోషిప్పు ఉంది. 2023 జనవరి నుండి అది నెలకు 37,000 రూపాయలు. మన పిల్లలు ఎమ్మే, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలోనే ఆ పరీక్షకు సిద్ధపడడం ఆరంభించాలి.

ఫిర్యాదు: 2023లో యు.జి.సి. చేసిన నియమాల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఆ కమిటీ 15 పనిదినాలలో నివేదిక ఇవ్వాలి. తృప్తి కలగకపోతే ఓంబుడ్స్‌పర్సన్ అనే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ర్యాగింగు విషయంలో 1800-180-5522 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆడపిల్లలపై లైంగిక వేధింపు జరిగితే అంతర్గత ఫిర్యాదుల కమిటీకి మూడు నెలలలోగా రాసి ఇవ్వాలి. ఈ మాట మన కుమార్తెలకు మనమే, సిగ్గుపడకుండా, ముందుగానే చెప్పాలి.

పరిశోధన: పిహెచ్.డి. చేసేవారికి గైడు ఒక్కరే దిక్కు కాదు. 2022 నియమాల ప్రకారం ప్రతి పరిశోధక విద్యార్థికి ఒక సలహా కమిటీ ఉంటుంది. ప్రతి సెమిస్టరులో దాని ముందు తన పనిని వివరించాలి. ఇబ్బంది ఉంటే అక్కడ చెప్పుకోవచ్చు. స్త్రీలకు కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. పెళ్లయింది, ఇక చదువు చాలు అని కోడలిని మాన్పించే అత్తమామలు ఈ సంగతి గమనించాలి.

దానియేలు అడిగాడు

"విశ్వాసి మనుష్యులను అడగడమేమిటి, దేవుణ్ణి అడిగితే చాలదా?" అని కొందరు అనవచ్చు. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తీసి చూడండి. దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు పరదేశంలో, పరభాషలో మూడేళ్ల చదువుకు పెట్టబడిన యువకులు. అక్కడి భోజనం వారికి సమస్య అయ్యింది. దానియేలు మూలన కూర్చొని కుమిలిపోలేదు, చదువు మాని ఇంటికి రాలేదు. ముందు పై అధికారిని మర్యాదగా అడిగాడు. ఆయన రాజుకు భయపడ్డాడు. అప్పుడు దానియేలు తమపై నియమింపబడిన క్రింది అధికారి దగ్గరకు వెళ్లి, పది దినాలు పరీక్షించి చూడమని కోరాడు. ఒక తలుపు తెరవకపోతే రెండవది తట్టాడు. అది విశ్వాసలోపం కాదు. దేవుడు ఆ అధికారి మనస్సులో దయ పుట్టించాడు, దానియేలు ఆ దయ దగ్గరకు నడిచి వెళ్లాడు.

అన్ని తలుపులూ సులభంగా తెరుచుకుంటాయని మేము చెప్పము. 2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో, సస్పెన్షన్ వల్ల హాస్టలు పోగొట్టుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. ఏడు నెలల ఫెలోషిప్పు రావలసి ఉందని తన చివరి ఉత్తరంలో రాశాడు. దేశమంతా కదిలిపోయింది. మూసిన తలుపు ముందు మన బిడ్డ ఒంటరిగా నిలబడకూడదు. పెద్దవారు ఒకరు పక్కన నిలబడాలి.

మనస్సు నలిగినప్పుడు

మన దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. విశాఖపట్నంలో 2023లో మరణించిన ఒక విద్యార్థిని విషయంలో తీర్పు ఇస్తూ, 2025 జూలైలో సుప్రీం కోర్టు 100 మంది లేక అంతకు ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హతగల కౌన్సిలరును పెట్టాలని ఆదేశించింది. ఇక టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుండి ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు బిడ్డకు రాసి ఇవ్వండి.

మానసిక వైద్యం అంటే పిచ్చివాళ్లకని మనలో అపోహ ఉంది. ఏలీయా ప్రవక్త అరణ్యంలో చెట్టు క్రింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. మాట ఆ తరువాతనే. అలసినవానికి దేవుడు ముందు ఏమి ఇచ్చాడో చూడండి. మేము మాత్రం ఆ అబ్బాయికి రొట్టెకు ముందే మందలింపు పెట్టాము.

సంఘము చేయదగిన పనులు

పెద్ద ఖర్చులేని పనులు కొన్ని ఉన్నాయి. బిడ్డతోపాటు మొదటిరోజు చదువుకున్న పెద్ద ఒకరు వెళ్లి స్కాలర్‌షిప్పు సెక్షను, ఆరోగ్య కేంద్రం, వార్డెను గది చూపించి రావాలి. ఆ ఊరిలోని సంఘ కాపరికి మన అయ్యగారు ఉత్తరం రాయాలి. 1954లో ఆరంభమైన యు.ఇ.ఎస్.ఐ., 1912 నుండి ఉన్న స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ వంటి విద్యార్థి సహవాసాలు అక్కడ ఉన్నాయేమో విచారించాలి. మొదటి సెమిస్టరులో సంఘం నుండి ఒకరు వారానికొకసారి ఫోను చేయాలి. "మార్కులెన్ని?" అని మాత్రం అడగకండి. "తిన్నావా, నిద్ర పడుతోందా, ఫీజు పడిందా?" అని అడగండి. సంఘపు కానుకలలో కొంత భాగం విద్యార్థుల అత్యవసర నిధిగా ఉంచితే, ఒక్క మెస్సు బిల్లు కోసం ఒక చదువు ఆగిపోదు.

మా గోరంట్ల అబ్బాయి ఎమ్మెస్సీ పూర్తిచేశాడు. ఇప్పుడు సెలవులకు ఊరికి వస్తే, కొత్తగా యూనివర్సిటీకి వెళ్లే పిల్లలను చర్చి అరుగుమీద కూర్చోబెట్టుకొని ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతాడు. మొన్న ఒక చెల్లెలు, "అన్నా, అడిగితే ఏమైనా అనుకుంటారేమో" అన్నది. "అనుకోనీ చెల్లీ, నేను అడగక ఒక ఏడు పోగొట్టుకున్నాను" అన్నాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ ఏడాది మీ బిడ్డను పంపేటప్పుడు బైబిలుతోపాటు ఆ మాట కూడా మూట కట్టి ఇవ్వండి. బబులోనులో దానియేలుకు తోడైయున్న దేవుడు మన బిడ్డలకు తోడైయుండును గాక. ఆయన తోడు మన చేతుల ద్వారా కూడా వారికి చేరును గాక. ఆమేన్.