తెరపై తెలుగు వాక్యం

సెల్‌ఫోను తెరపై 'భద్రపరచు', 'తొలగించు' వంటి మాటలు తెలుగులో కనబడడం వెనుక ఒక చక్కని ఏర్పాటున్నది. ప్రోగ్రామును రచించేవారు తెరపై చూపవలసిన వాక్యాలను ఆజ్ఞల నడుమ ఇరికింపక, ఒక్కొక్కదానికి ఒక గుర్తింపు పేరు పెట్టి, వేరొక ఫైలులో పదిలపరుస్తారు. ఇటువంటి ఫైళ్లను 'రిసోర్సులు' అంటారు. ఆండ్రాయిడ్ ఫోనుల ప్రోగ్రాములలో మూలవాక్యాలు 'వాల్యూస్' అనే ఫోల్డరులో ఉంటాయి. ఆ పేరు చివర తెలుగు భాషా సంకేతం చేర్చిన మరొక ఫోల్డరులో తెలుగు వాక్యాలుంటాయి. ఫోను భాషగా తెలుగును ఎన్నుకొంటే తెలుగు వాక్యం వస్తుంది. అది లేనిచోట మూలవాక్యమే కనబడుతుంది. కనుక ప్రోగ్రామును తాకకుండానే అనువాదం సాగుతుంది.

అయితే వాక్యాన్ని ముక్కలుగా దాచరాదు. ఇంగ్లీషులో 'డిలీటెడ్', '3', 'ఫైల్స్' అని వరుసగా అతికితే వాక్యమవుతుంది. అదే వరుసలో తెలిగిస్తే 'తొలగించాము 3 ఫైళ్లు' అవుతుంది. మన భాషలో క్రియ సాధారణంగా వాక్యాంతంలో నిలుస్తుంది. నామవాచకం విభక్తిని కోరుతుంది. '3 ఫైళ్లను తొలగించాము' అనాలి. సంఖ్య ఒకటైతే 'ఫైలును' అనాలి. అందువల్ల సంఖ్యకు ఖాళీ విడిచి, ఏకవచన బహువచన రూపాలకు వేర్వేరుగా చోటిచ్చి, పూర్తి వాక్యాన్నే అనువాదకునికి అందించాలి.

సొమ్ము పంపే ముందు ఫోను అడిగే ప్రశ్న అర్థం కాకపోతే నష్టపోయేది ఇంగ్లీషు రాని సామాన్యుడే. ఆ ప్రశ్నను తేటతెలుగులో నిలపడానికి కంప్యూటరు విద్యతోపాటు వ్యాకరణజ్ఞానమూ అవసరమే.