గట్టుకు ప్రాణం పోస్తే

కాలవ గట్టు మీద గడ్డి చెక్కేస్తే మొదటి పెద్ద వానకే గండి పడుతుందని రైతుకు తెలుసు. కానీ నగరానికి వచ్చేసరికి మనం ఆ సంగతి మరిచిపోతాం. ఏటికి రెండువైపులా సిమెంటు గోడలు కట్టి, నాలుగు బెంచీలు వేసి అదే అభివృద్ధి అనుకుంటాం. ఈ విషయంలో సింగపూర్ అనుభవం తెలుసుకోదగ్గది.

అక్కడ అన్నిటికన్నా పొడవైన నది కల్లాంగ్. వరద నీరు త్వరగా పోవాలని ఒకప్పుడు దాన్ని కాంక్రీటు కాలవగా మార్చారు. 2009-2012 మధ్య, బిషాన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల మేర ఆ కాంక్రీటును వాళ్లే పగలగొట్టి, వంపులు తిరుగుతూ పారే ఏరుగా మలిచారు. ముందుగా 60 మీటర్ల గట్టు మీద రకరకాల మొక్కలు, రాళ్లు అమర్చి, ఏది మట్టిని గట్టిగా పట్టి ఉంచుతుందో పరీక్షించుకున్నారు.

ఇందులో ఉన్న సైన్సు ఏమిటి? నున్నటి గోడల మధ్య రాపిడి తక్కువ, నీటి వేగం ఎక్కువ. ఆ నీరంతా దిగువ ప్రాంతాల మీద ఒక్కసారిగా పడుతుంది. వంపులు, రాళ్లు, గడ్డి ఉంటే వేగం తగ్గి, మోసుకొచ్చిన మట్టి అడుక్కి దిగుతుంది. వేళ్లను అంటిపెట్టుకున్న బాక్టీరియా మురికిని విడగొడుతుంది.

మరి వేగం తగ్గితే నీటిమట్టం పెరగదా అంటారా? పెరుగుతుంది. అందుకే ఏటికి చోటిచ్చారు. మామూలు రోజుల్లో జనం నడిచే పచ్చిక మీదికి, భారీ వానలప్పుడు ఏరు సుమారు 100 మీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. నీరు పెరుగుతుంటే సైరన్లు మోగుతాయి, జనం మెరక మీదికి వెళ్లిపోతారు. వరద తీసాక మళ్లీ అదే బాట. తరవాత పక్షులొచ్చాయి, తూనీగలొచ్చాయి, నీటికుక్కలు కూడా కాపురం పెట్టాయి.

మన మూసీ సంగతేమిటి? చోటు దొరకని నీరు ఏం చేస్తుందో 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు కళ్లారా చూసింది. అయితే సింగపూర్‌ను ఉన్నదున్నట్టు కాపీ కొడితే లాభం లేదు. మూసీలో కలిసేది వాననీరు ఒక్కటే కాదు, నగరం మురుగు కూడా. ముందు ఆ మురుగును శుద్ధి చెయ్యాలి, తరవాత ఏటికి చోటివ్వాలి, ఆఖరున నడకబాట వెయ్యాలి. ఈ వరస తప్పితే మిగిలేది కంపుకొట్టే షికారే. ఏటికి చోటివ్వడమంటే ఒడ్డున బతికే పేదవాణ్ణి రోడ్డున పడెయ్యడం కూడా కాకూడదు. వాడికి నీడ చూపించాకే గునపం ఎత్తాలి.

రేపు ఇంజనీర్లు, అధికారులు కాబోయే మిత్రులారా! ప్లాను గీసేముందు ఒక్కసారి పొలం గట్టు మీద నడిచి చూడండి.